రెండు మొనల గుడ్డ

బాదేపల్లి గంజు దాటినంక మూడో మలుపుల నా మిషను.
ఎలక్షన్లప్పుడు అన్ని రంగులూ
నా సూది కిందికెల్లే పోతయి,
ఒకటే రాత్రి, ఒకటే దారపుండ.
మాణెమ్మా, నీదేది అని
ఇంతవరకు ఎవ్వడూ అడగలే.

మొన్న బుఢా వొచ్చిండు.
ఇరవయ్యారేండ్ల పిలగాడు, ఇంటిపేరే బుఢా.
నేపాలు నుంచొచ్చి సిగ్నల్ గడ్డ కాడ మోమోల బండి పెట్టిండు.
"ఏ ముసలోడా, ఒక ప్లేటు" అని పోరగాండ్లు నవ్వుతరు.
అతడూ నవ్వుతడు,
ఎర్ర చట్నీ ఇంకింత పోస్తడు.

సెల్లుల బొమ్మ చూపిండు. జెండా.
నాలుగు మూలలు లేవు దానికి.
ఒకదాని మీద ఒకటి రెండు మొనలు,
పైన చంద్రుడు, కింద సూర్యుడు,
చుట్టూ నీలం పైపింగు.
ఎరుపు ఎట్లాంటిదన్న.
రైక ముక్కల సంచి బోర్లించిన.
మోదుగ రంగు గాదన్నడు, కుంకుమ గాదన్నడు.
ఎవరిదో పెండ్లి రైకల మిగిలిన ముదురు ముక్క పట్టుకొని
"మా అడవిల పూసేది ఇదే" అన్నడు.
సూర్యునికి పన్నెండు కోసులు, లెక్క తప్పొద్దంట.
సబ్బు ముక్కతోటి బల్లమీద గీసిండు,
నాలుక పంటి కింద పెట్టుకొని,
బడిపిల్లగాని లెక్క.

కాలరు తిప్పిచ్చుకునేతందుకొచ్చిన
గాజుల దుకాణం నర్సోజి చూసిండు.
"ఈడి ఉప్పు తినుకుంట ఆడి జెండానా?
మనోళ్ళు ఆడికి పోతే మనది కట్టనిస్తరా?"
నాకు తెల్వదు. తెల్వదనే చెప్పిన.
ఆయన మాటల సగం నా లోపలా ఉన్నది,
అబద్ధమెందుకు.
అన్నం పెట్టిన గడప మీద
ఇంకో ఇంటిపేరు రాసినట్టు కొంచెం గుచ్చుతది.
కాలు మాత్రం పెడలు మీదికెల్లి దిగలే.

నాకు ఏడేండ్లప్పుడు
ఒరిస్సాల యాడ్నో కట్ట పని.
పాలమూరు లేబరంటే లారీల లెక్క, మనుషుల లెక్క గాదు.
మూడు నూర్ల గుడిసెలు,
అన్నిటి మీదా ఒకటే నల్ల కవరు.
పొద్దుమీకితే ఏది మనదో ఏది పరాయిదో.
అమ్మ పాతచీర కొంగు చింపి
ఎర్ర పీలిక వాసానికి కట్టింది,
నేను ఇల్లు తప్పొద్దని.

జీపుల వొచ్చిన సారు చూసిండు.
ఎవడెగరేసిండీ జెండా, ఏం సంఘం మీదని అరిసిండు.
అమ్మకు ఆ భాష రాదు.
కొంగు, కొంగు అని
కట్టుకున్న చీర పట్టి చూపింది.
పీకేసిండ్రు.
ఆ రాత్రి నేను ఎవరి గుడిసెలనో దూరి
ఎవరి బిడ్డ పక్కననో పండుకున్న.
తెల్లారి దొరకబట్టి అమ్మ ముందు కొట్టింది,
తర్వాత తట్ట ఎత్తుకున్నది.

నర్సోజికి ఇది చెప్పలే.
చెప్తే అది వేరే ముచ్చటంటడు.
వేరే ముచ్చటనే గావొచ్చు.
కొంగుకు సరిహద్దుండదు, సిపాయిలుండరు.
దీనికున్నరు.

పండుగనాడు బుఢా కట్టిండు,
బండి ముందర గాదు,
రేట్ల బోర్డు ఎనక, గ్యాసుబుడ్డి దిక్కు,
తనకు మాత్రం కనబడేటట్టు.
"ముందర కట్టరాదా" అన్న.
నా నోటికెల్లి ఆ మాట ఎట్లొచ్చిందో నాకే తెల్వలే.
"గాలికి పొయ్యి ఆరుతది దీదీ" అన్నడు.
గాలి లేదు ఆనాడు.

మరునాడు ఇస్త్రీకి తెచ్చిండు, నూనె మరకతోటి.
నలభై ఏండ్లు గుడ్డలు మడిచిన చెయ్యి నాది,
పంచెలు, చీరలు, నాలుగు మూలల జెండాలు.
దీన్ని ఇటు మడిస్తే
అటు మొన బయటికొస్తది.
"ఇట్ల గాదు" అని తనే పట్టుకున్నడు.
కింది మొన లోపలికి, పై మొన కిందికి.
చంద్రుడొచ్చి సూర్యుని మీద పండుకున్నడు.

పది రూపాయలన్న.
ఇచ్చిండు.